మన పాఠశాలలు, వాటి పాలకవర్గములు, ప్రభుత్వ చట్టము

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన అధ్యక్షమండల స్థాపకులను గూర్చియు, తొలి దేవాలయములను గూర్చియు పెద్దలు పలువురు వ్రాయుచున్నారు. మేము వ్రాయబూనినది అంతగా ఎవరును తలంచుకొనని ఒక సంగతి. అది మన పాఠశాలల పాలకవర్గము, అనగా మేనేజింగ్ కమిటీ. బడిగంట అందరికిని వినబడును. పంతులుగారి పేరు ఊరంతయు ఎరుగును. కాని ఆ పంతులుగారి నియామకపత్రముపై సంతకము చేయువారెవరు? గ్రాంటు సొమ్మునకు లెక్క చెప్పవలసినవారెవరు? తనిఖీ అధికారి వ్రాసిన లోపములకు జవాబు వ్రాయువారెవరు? ఇట్లడిగినచో మన సంఘస్థులలో అనేకులు ఒకరి ముఖమొకరు చూచుకొందురు.

పాఠశాలలు నడుపుటకు మనకు రాజ్యాంగము ఇచ్చిన హక్కు కలదని మనము సభలలో తరచుగా చెప్పుకొందుము. అది నిజమే. అయితే ఆ హక్కు ఎట్లు వచ్చినది, ఎంతవరకు చెల్లును, దేనివలన బలహీనపడును అనునవి తెలియకుండ హక్కును గూర్చి మాటలాడుట, దస్తావేజు చదువకుండ పొలము మాదని చెప్పుకొనుట వంటిది. కావున ఆ చరిత్రను వరుసగా చెప్పుటకు ప్రయత్నించుచున్నాము.

గ్రాంటుతో కూడ వచ్చిన తనిఖీ

1813 లో బ్రిటిషు పార్లమెంటు ఈస్టిండియా కంపెనీ చార్టరును పొడిగించుచు, విద్య నిమిత్తము ఏటా లక్ష రూపాయలకు తగ్గకుండ ప్రత్యేకింపవలెనని శాసించెను. మిషనెరీలు ఈ దేశమునకు వచ్చుటకు దారి తెరచినదియు ఆ శాసనమే. తెలుగుదేశమున అంతకుముందే, 1805 లో, లండన్ మిషను వారు విశాఖపట్టణమున పని ప్రారంభించి యుండిరి. 1840 లో బాప్టిస్టు మిషను వారు నెల్లూరికిని, 1842 లో లూథరన్ మిషనెరీ హేయర్ గారు గుంటూరునకును వచ్చిరి. 1843 లో రాబర్ట్ నోబుల్ గారు బందరులో పాఠశాల తెరచిరి. ఈ తొలి పాఠశాలలు తమ తమ మిషను సొసైటీలకే జవాబుదారులు. ధనము సీమనుండియో అమెరికానుండియో వచ్చెడిది గనుక, లెక్కలును అక్కడికే పోయెడివి.

ఈ స్థితిని మార్చినది 1854 జూలై 19 నాటి విద్యా ఉత్తరువు. దానిని పంపినవారు బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడైన సర్ చార్లెస్ వుడ్ గారు. ప్రభుత్వమే ఊరూర బడులు పెట్టజాలదు గనుక, ఇతరులు పెట్టిన బడులకు సహాయద్రవ్యము ఇచ్చుట మేలని ఆ ఉత్తరువు సారాంశము. దీనినే గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి అనిరి. అయితే సహాయము ఊరక దొరకలేదు. పాఠశాలలో మంచి లౌకిక విద్య చెప్పవలెను. దానిని స్థానికముగా బాధ్యతతో నడుపు యాజమాన్యము ఉండవలెను. ప్రభుత్వ అధికారుల తనిఖీకి ఒప్పుకొనవలెను. పిల్లలయొద్ద కొద్దిపాటి జీతమైనను వసూలు చేయవలెను. తనిఖీకి వచ్చిన అధికారి మతబోధ విషయములో జోక్యము కలిగించుకొనరాదు.

సంఘస్థులు ఇందులో ఒక సంగతి గమనింపవలెనని మా మనవి. యాజమాన్యము, తనిఖీ అను ఈ రెండు మాటలు మన పాఠశాలల చరిత్రలో మొదటి దినమునుండి జంటగానే ఉన్నవి. ప్రభుత్వపు తనిఖీ నిన్న మొన్న మనమీదికి వచ్చిన భారము కాదు. మన పూర్వులు గ్రాంటు పుచ్చుకొన్న నాడే దానికి సమ్మతించిరి.

1855 లో మద్రాసు రాజధానికి విద్యాశాఖ ఏర్పడి, అలెగ్జాండర్ ఆర్బత్నాట్ గారు మొదటి డైరెక్టరైరి. 1860 ల నుండి పరీక్షాఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి వచ్చినది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే పరీక్షించి, తేరినవారి లెక్కనుబట్టి సొమ్ము మంజూరు చేసెడివారు. పల్లెటూరి ఉపదేశిగారికి ఆ దినము తీర్పుదినము వంటిదే. పిల్లవాడు జ్వరపడి రాకపోయినను గ్రాంటు తగ్గెడిది. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో ఆ పద్ధతి తొలగినది. 1882 లో హంటర్ గారి అధ్యక్షతను ఏర్పడిన విద్యా కమీషను, ప్రాథమిక విద్యను స్థానిక బోర్డుల పోషణ క్రింద ఉంచవలెననియు, ఉన్నత విద్యాసంస్థలలో ప్రైవేటు యాజమాన్యములను ప్రోత్సహింపవలెననియు సిఫారసు చేసెను. మిషను హైస్కూళ్ళు పెరుగుటకు ఇది తోడ్పడినది.

మిషనెరీ మేనేజరు నుండి పాస్టరేటు కమిటీ వరకు

చాలకాలము పాఠశాలకు మేనేజరు అనగా మిషనెరీ దొరగారే. ఆయన సంతకమే చట్టము. ఆయనకు పైన మిషను సొసైటీ, ప్రక్కన ఇన్‌స్పెక్టరు, క్రింద ఉపాధ్యాయులు. సంఘస్థులకు ఇందులో పాత్ర స్వల్పము. 1912 లో దోర్నకల్ అధ్యక్షులుగా అజరయ్య గారు అభిషిక్తులగుటతో, నాయకత్వము మనవారి చేతికి వచ్చు కాలము ఆరంభమైనది. 1919 నాటి రాజ్యాంగ సంస్కరణల వలన విద్యాశాఖ భారతీయ మంత్రుల ఆధీనమునకు వచ్చెను. 1920 లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము పుట్టినది. 1947 సెప్టెంబరు 27 న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. క్రమముగా మిషనెరీలు ఉన్నచోట మన పాస్టర్లు, సంఘపెద్దలు, విశ్రాంత ఉపాధ్యాయులు కరస్పాండెంట్లును కమిటీ సభ్యులును అయిరి.

మేము పనిచేసిన ఒక పాస్టరేటులో ఒక ఎలిమెంటరీ పాఠశాలకు చెందిన పాత మినిట్సు పుస్తకములు చూచు అవకాశము మాకు కలిగినది. మొదటి పుస్తకములో ప్రతి కూటమునందును ఇన్‌స్పెక్టరు రిమార్కులు చదివినట్లును, ఒక్కొక్కదానికి ఏమి జవాబు వ్రాయవలెనో తీర్మానించినట్లును ఉన్నది. కప్పు కారుచున్నదని అధికారి వ్రాసినచో, తాటాకు కొనుటకు ఎంత, కూలికి ఎంత అని మరుసటి కూటములో లెక్క ఉన్నది. తరువాతి పుస్తకములో సంతకములు ఉన్నవి గాని తీర్మానములు లేవు. కొన్ని పుటలు ఖాళీగా విడువబడినవి. ఆ బడి ఇప్పుడు లేదు. బడి మూతపడుటకు కారణములు అనేకము కావచ్చును. అయినను పాలకవర్గము కూడుట మానుకొన్న తరువాతనే బడి క్షీణించినదని ఆ పుటలు చూచినవారికి తోచును.

రాజ్యాంగము ఇచ్చినది, న్యాయస్థానములు వివరించినది

1950 లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములోని 30 వ అధికరణము, మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైన వారు తమకు ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ప్రసాదించినది. అల్పసంఖ్యాకుల యాజమాన్యమున ఉన్నదను కారణముచేత ఏ సంస్థకును ప్రభుత్వ సహాయము విషయములో వివక్ష చూపరాదని దాని రెండవ భాగము చెప్పుచున్నది. దీనికి ప్రక్కనే 28, 29 అధికరణములు ఉన్నవి. గుర్తింపు గాని సహాయము గాని పొందిన పాఠశాలలో విద్యార్థిని అతని సమ్మతి లేకుండ, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేకుండ, మతబోధకు బలవంతము చేయరాదు. సహాయము పొందు సంస్థలో కేవలము మతము, జాతి, కులము, భాష అను కారణములచేత ప్రవేశము నిరాకరింపరాదు. హక్కును హద్దును రాజ్యాంగము ఒకేచోట వ్రాసినది.

ఈ హక్కునకు మొదటి పరీక్ష కేరళలో వచ్చినది. 1957 లో అక్కడి శాసనసభ ఆమోదించిన విద్యా బిల్లును రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయమునకు పంపిరి. 1958 లో ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్ గారు వెలువరించిన అభిప్రాయములో ఒక మాట అప్పటినుండి ప్రతి తీర్పులోను మారుమ్రోగుచున్నది. నిర్వహించు హక్కులో దుర్నిర్వహణ చేయు హక్కు చేరియుండదనునదే దాని భావము. ప్రభుత్వము సహాయము చేయునప్పుడు సముచితమైన నిబంధనలు విధింపవచ్చును. కాని ఆ నిబంధనలు హక్కునే మ్రింగివేయునట్లు ఉండరాదు.

పాలకవర్గములో ఎవరెవరు ఉండవలెనను ప్రశ్న 1974 లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఎదుటికి వచ్చినది. అహమ్మదాబాదులోని సెయింట్ జేవియర్స్ కళాశాల వారు తెచ్చిన వ్యాజ్యమది. కళాశాల పాలకవర్గములో వైస్ ఛాన్సలర్ నియమించిన ప్రతినిధి, ఉపాధ్యాయుల ప్రతినిధులు, ఇతర సిబ్బంది, విద్యార్థుల ప్రతినిధులు ఉండితీరవలెనని గుజరాతు చట్టము చెప్పినది. అల్పసంఖ్యాకుల సంస్థలపై ఇట్టి నిర్బంధము చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. తమకు విశ్వాసము గల వారిచేత సంస్థను నడిపించుకొనుట నిర్వహణ హక్కులోని ముఖ్యభాగమని దీని తాత్పర్యము.

మన రాష్ట్రమునకు సంబంధించిన తీర్పు 1980 లో వచ్చినది. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టమును హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ హైస్కూలు వారు ప్రశ్నించిరి. ఉపాధ్యాయుని తొలగించుటకు ముందుగా అధికారి ఆమోదము పొందితీరవలెనను భాగము అల్పసంఖ్యాకుల సంస్థలకు వర్తింపదని న్యాయస్థానము నిర్ణయించెను. అయితే ఉపాధ్యాయుని కారణము లేకుండ సస్పెండు చేయరాదనియు, ఆ సస్పెన్షనును అంతము లేకుండ సాగదీయరాదనియు చెప్పిన భాగమును నిలిపియుంచెను. యాజమాన్యమునకు అధికారము దక్కినది, ఉపాధ్యాయునకు రక్షణయు దక్కినది. 1986 లో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు ఫ్రాంక్ ఆంథొనీ స్కూలు ఉద్యోగుల వ్యాజ్యములో, జీతములను గూర్చియు ఉద్యోగ నిబంధనలను గూర్చియు ఉన్న చట్టము అల్పసంఖ్యాకుల హక్కును భంగపరచదని తీర్పు చెప్పిరి. మంచి జీతము ఇచ్చిన బడి బలపడునే గాని బలహీనపడదు గదా.

1980 ల చివర బీహారు క్రైస్తవ పాఠశాలల సంఘము వారి వ్యాజ్యము వచ్చినది. అల్పసంఖ్యాకుల పాఠశాలకు మేనేజింగ్ కమిటీ ఉండవలెను, దానికి వ్రాతపూర్వకమైన నియమావళి ఉండవలెను, అర్హత గల ఉపాధ్యాయులను నియమింపవలెను అను నిబంధనలు నిర్వహణ హక్కునకు విరుద్ధములు కావని న్యాయస్థానము అభిప్రాయపడెను. 2002 లో టి. ఎమ్. ఏ. పాయ్ ఫౌండేషను వ్యాజ్యమును పదునొకండుగురు న్యాయమూర్తులు విని, నిర్వహణ హక్కు ఉన్నదనియు, అది సంపూర్ణ స్వేచ్ఛ కాదనియు, సహాయము పొందు సంస్థలపై నియంత్రణ మరి కొంత ఎక్కువగా ఉండవచ్చుననియు చెప్పిరి. ఈ తీర్పులన్నియు కలిపి చదివినచో ఒకే సంగతి తేటపడును. న్యాయస్థానము మన పాలకవర్గమును మనకు విడిచినది, కాని దానిని చక్కగా నడుపు బాధ్యతను మన నెత్తిననే ఉంచినది.

రాష్ట్ర చట్టము క్రింద మన స్థితి

1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టము క్రింద, పాఠశాల తెరచుటకు అనుమతియు, నడుపుటకు గుర్తింపును అవసరము. గుర్తింపు పొందిన పాఠశాల తనిఖీకి లోబడవలెను, లెక్కలు చూపవలెను. యాజమాన్యము తన విధులలో తప్పిపోయినచో నిర్వహణను ప్రభుత్వము స్వీకరించుటకు కూడ ఆ చట్టములో వీలు కలదు. ప్రైవేటు యాజమాన్య పాఠశాలల స్థాపన, గుర్తింపు, పరిపాలనలను గూర్చిన వివరమైన నియమములు 1994 జనవరి 1 నాటి ప్రభుత్వ ఉత్తరువు ద్వారా వెలువడినవి.

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 న అమలులోనికి వచ్చినది. సభ్యులలో మూడు వంతులు, అనగా నూటికి 75 మంది, తలిదండ్రులును సంరక్షకులును ఉండునట్లును, మొత్తములో సగము స్త్రీలు ఉండునట్లును పాఠశాల యాజమాన్య కమిటీ ఏర్పడవలెనని ఆ చట్టము కోరినది. అల్పసంఖ్యాకుల పాఠశాలలలోను, ఇతర ఎయిడెడ్ పాఠశాలలలోను ఆ కమిటీ సలహాలు మాత్రమే ఇచ్చునని 2012 లో సవరణ చేసిరి. 2014 లో ప్రమతి ట్రస్టు వ్యాజ్యములో అయిదుగురు న్యాయమూర్తులు ఆ చట్టము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు అసలే వర్తింపదని చెప్పిరి. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పును సందేహించి, మరింత పెద్ద ధర్మాసనము పరిశీలింపవలెనని ప్రధాన న్యాయమూర్తికి నివేదించిరి. కావున ఈ మినహాయింపు శాశ్వతమని నిశ్చింతగా కూర్చుండుట వివేకము కాదు.

2021 ఆగష్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను గూర్చి వెలువరించిన ఆర్డినెన్సును, ఉత్తరువులను మన సంఘస్థులు మరచియుండరు. ఆస్తులతో సహా సంస్థను ప్రభుత్వమునకు అప్పగించుట, లేదా ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వమునకు ఇచ్చి సహాయము లేని ప్రైవేటు సంస్థగా నడుపుకొనుట అను దారులు యాజమాన్యముల ముందు ఉంచబడినవి. పలు పట్టణములలో విద్యార్థులును తలిదండ్రులును వీధులలోనికి వచ్చిరి. ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వము, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చుననియు, ముందు ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చుననియు తెలిపినది. ఆ కొద్ది నెలలలో ప్రతి సంస్థకును నిర్ణయము చేయవలసి వచ్చినది యాజమాన్యమే. పూర్వులు కొని ఇచ్చిన స్థలము, పేదపిల్లల చదువు, ఉపాధ్యాయుల బ్రతుకు అన్నియు యాజమాన్యము వ్రాయు ఒక్క సమ్మతిపత్రముపై ఆధారపడినవి. కమిటీ అనగా ఏమిటో అంతకంటె స్పష్టముగా మనకు ఎవరును బోధింపలేరు.

అమెరికాలోని పోలిక

అమెరికాలో స్థిరపడిన మన సంఘస్థుల పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి చార్టర్ స్కూళ్ళను గూర్చి చెప్పుచుందురు. 1991 లో మిన్నెసోటా రాష్ట్రము ఇందుకు మొదటి చట్టము చేసినది. 1992 లో సెయింట్ పాల్ నగరములో మొదటి పాఠశాల తెరచిరి. పాఠశాలకు సొంత పాలకవర్గము ఉండును, ధనము ప్రభుత్వముది. రాష్ట్ర చట్టము అధికారమిచ్చిన ఒక సంస్థ ఆ పాలకవర్గముతో కొన్ని యేండ్లకు ఒప్పందము వ్రాసికొనును. ఆ ఒప్పందమే చార్టరు. గడువు తీరునప్పటికి చదువు గాని లెక్కలు గాని సరిగా లేనిచో ఒప్పందమును పొడిగింపరు, బడి మూయవలసి వచ్చును. మిన్నెసోటా చట్టము పాలకవర్గములో ఉపాధ్యాయునకు, తలిదండ్రులకు, ఊరివారికి చోటుండవలెనని చెప్పుచున్నది.

అయితే అక్కడికిని ఇక్కడికిని ఒక పెద్ద భేదము కలదు. ఓక్లహోమా రాష్ట్రములో కతోలిక సంఘమువారు చార్టర్ పాఠశాల నడుపబూనగా, అక్కడి ఉన్నత న్యాయస్థానము 2024 లో అది చెల్లదనెను. 2025 మే 22 న అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు నలుగురు నలుగురుగా చీలిపోవుటచేత ఆ తీర్పే నిలిచినది. సంఘము నడుపు బడికి ప్రభుత్వ సహాయము ఇచ్చుట మన రాజ్యాంగమునకు సమ్మతము. ఓక్లహోమాలో సంఘమువారికి దొరకనిది మనకు నూటడెబ్బది యేండ్లుగా అలవాటైనది. అలవాటైన దానిని మనుష్యుడు చులకన చేయుట సహజము. కాని ప్రజాధనము పుచ్చుకొన్న పాలకవర్గము ప్రజలకు లెక్క చెప్పవలెనను నియమము మాత్రము రెండు దేశములలోను ఒక్కటే.

సంఘస్థులకు మా మనవి

మేము న్యాయవాదులము కాము, సంఘసేవకులము. అయినను ఈ చరిత్ర చదివిన పిమ్మట కొన్ని సంగతులు చెప్పక తప్పదని తోచుచున్నది.

మొదటిది, పాలకవర్గము నియమితకాలమునకు కూడవలెను. తీర్మానములు కూటములోనే వ్రాయబడవలెను, తరువాత ఇంటివద్ద సంతకములు తీసికొనుట అలవాటు కారాదు. రెండవది, నియామకము జరుగునప్పుడు గాని, మరమ్మతుల కంట్రాక్టు ఇచ్చునప్పుడు గాని సభ్యునికి బంధువైనవాడు ఆ వరుసలో ఉన్నచో, ఆ సభ్యుడు ఆ విషయము తెలియజేసి కూటమునుండి లేచిపోవలెను. మూడవది, తనిఖీ రిపోర్టును బీరువాలో పెట్టక కూటములో చదివి జవాబు వ్రాయవలెను. నాలుగవది, ఆడిట్ అయిన లెక్కలను ఏటేట పాస్టరేటు కమిటీ ముందు ఉంచవలెను. అయిదవది, స్థలము కాగితములు, గుర్తింపు ఉత్తరువులు, అల్పసంఖ్యాక సంస్థయను ధ్రువపత్రము ఒకచోట భద్రముగా ఉండవలెను. ఇట్టి ధ్రువపత్రముల విషయమై 2004 నాటి చట్టము వలన ఒక జాతీయ కమీషను కూడ ఏర్పడినది. కాగితము లేని హక్కు వ్యాజ్యములో నిలువదు.

ఆరవదియు ముఖ్యమైనదియు ఉపాధ్యాయులను గూర్చినది. ఎయిడెడ్ పోస్టులు ఖాళీయై భర్తీకాని చోట్ల, యాజమాన్యమే కొద్దిజీతముతో ఉపాధ్యాయులను పెట్టుచున్నది. వారిలో అనేకులు మన సంఘపు బిడ్డలే. సేవ అను పేరుతో వారికి జీతము ఆలస్యము చేయుట, నోటిమాటతో తీసివేయుట న్యాయము కాదు. ఉపాధ్యాయునకు న్యాయము జరుగని బడిని 30 వ అధికరణము కాపాడునని మనము ఆశింపరాదు.

ఎన్నికలు వచ్చినప్పుడు కమిటీలో చోటుకొరకు పోటీ పడుటయు, ఎన్నికైన తరువాత కూటములకు రాకపోవుటయు మనలో కానవచ్చుచున్నవి. కమిటీ సభ్యత్వము గౌరవపదవి కాదు, గృహనిర్వాహకత్వము. యజమానుడు లెక్క అడుగును. అధ్యక్షమండలము నూరేండ్లు నిండించుకొను ఈ సమయమున ప్రతి పాస్టరేటువారును తమ బడి కమిటీలో ఎవరెవరున్నారో, కడపటి కూటము ఎప్పుడు జరిగినదో, అందు ఏమి తీర్మానించిరో ఒకసారి విచారించి తెలిసికొందురు గాక.